అందరూ ఆగిన పేజీ

ఆ ఇంట్లో జిగురమ్మకు చెప్పే పనులన్నీ "పెట్టు"తోనే ముగుస్తాయి. ఈ చొక్కా ఉతికి పెట్టు, పాలు కాచి పెట్టు, గేటు తీసి పెట్టు. చేసే ఆమెకు నడుము పట్టేస్తుంది గానీ, చెప్పేవాళ్ళకు అదసలు పనిలాగే కనిపించదు. ఆ రోజు ఆరిన బట్టలు మడత వేస్తూంటే కొడుకు వచ్చి దుప్పటి మీద ఒక పుస్తకం పడేశాడు.

"అమ్మా, ఇది కాస్త చదివి పెట్టు."

తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో చదివి పెట్టమని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

"నేనా?"

"నువ్వే. రోజంతా ఇంట్లోనే ఉంటావుగా. పిల్ల బ్యాగులో దొరికింది. స్కూలు లైబ్రరీదట. పదమూడు దాటినవాళ్ళకి అని అట్ట మీద వేసి మరీ ఇస్తున్నారు. చెత్త ఎక్కడుందో అక్కడ కాగితం ముక్క పెట్టు. వచ్చే వారం మీటింగులో ఆ అల్మారా మూయించి తీరతాను."

"నువ్వే చదవొచ్చుగా?"

"నాకెక్కడ తీరుతుంది? పైగా నువ్వు చెప్తే ఆ బరువు వేరు. ఈ వయసులో చదువు నేర్చుకున్న మనిషివి. నీ మాట ఎవరు కాదంటారు?"

కొడుకు మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు అనుమానమే. మెప్పు వెనక ఏదో ఒక చాకిరీ నక్కి ఉంటుంది. ఈసారి అది ఏమిటో అర్థం కావడానికి రెండు దుప్పట్ల సేపు పట్టింది. ఆమెకు అక్షరాలు నేర్పింది ఆ మనవరాలే. తాతయ్య పోయాక, వంటింటి బల్ల దగ్గర, పాత క్యాలెండర్ల వెనక పెన్సిలుతో రాసి దిద్దించింది. ఆ పిల్ల నేర్పిన చదువుతోనే ఆ పిల్ల మీద కాపలా కాయమంటున్నాడు.

పుస్తకాలు ఆమెకు కొత్త కాదు. పెళ్ళయిన ఏడు మొదలు, చేతులు వణకడం మొదలయ్యేదాకా బైండింగ్ షాపులో జిగురు పూసింది. ఆ పేరు అక్కడ అంటుకున్నదే. చదువుకుంటానని ఒకసారి భర్తతో అంటే, "అంటించడానికి అక్షరాలెందుకే? జిగురుకి చదువొస్తే ఎండిపోతుంది" అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. ఆ రోజుల్లో అద్దె పుస్తకాల కొట్టు నుంచి నలిగిన నవలలు కట్టలుగా వచ్చేవి. బొమ్మ అట్ట పీకేసి మట్టిరంగు అట్ట వెయ్యాలి. బొమ్మ కనిపిస్తే ఆడపిల్లలు ఇంటికి పట్టుకెళ్ళలేరట. "ఇవి చదివే పాడైపోతున్నారు ఆడపిల్లలు" అని మేస్త్రీ తిట్టేవాడు, తిట్టి మధ్యాహ్నం ఒకటి ముఖానికి అడ్డం పెట్టుకుని రెండింటిదాకా పలికేవాడు కాదు. తర్వాత్తర్వాత అట్ట మీద బంగారు అక్షరాలు పొదిగిన బహుమతి పుస్తకాలు వచ్చాయి. వాటిలో పిల్లలు చెప్పిన మాట వింటారని, విననివాళ్ళు చివర్లో ఏడుస్తారని మేస్త్రీయే చదివి చెప్పేవాడు. అటు పసిపిల్లల కథలు, ఇటు పెద్దవాళ్ళ నవలలు. మధ్యలో ఒక వయసు ఉందని పుస్తకాలకు చాలాకాలం తెలియలేదు. ఆమెకూ తెలియలేదు. సాయంత్రం దాకా పిల్ల, తెల్లారేసరికి ఒకరి పెళ్ళాం.

బట్టలు సర్దేసి పుస్తకం చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ దాన్ని వెన్ను మీద నిలబెట్టి రెండు చేతులూ వదిలేసింది. అది దానంతట అదే ఒక పేజీ దగ్గర తెరుచుకుంది. మూసి మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ అక్కడే. ఎక్కువగా ఎక్కడ విప్పి పట్టుకుంటే పుస్తకం వెన్ను అక్కడే విరుగుతుంది. పిల్ల ఇక్కడ అన్నిసార్లు ఎందుకు ఆగింది?

మొదటి పేజీ నుంచే మొదలుపెట్టింది, వేలు కింద ఒక్కొక్క మాటా నొక్కి, దొంగను సోదా చేసినట్టు. మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. కథలో పిల్లకు పదిహేనేళ్ళు. అద్దంలో చూసుకుంటుంది, అమ్మతో పోట్లాడుతుంది, స్నేహితురాలి మీద కుళ్ళుకుంటుంది. చెత్త ఎక్కడా తగల్లేదు. తగలకపోవడమే మరింత అనుమానంగా ఉంది.

"అత్తయ్యా, పాలు పొంగిపోయాయి! మీరు కూడా మొదలుపెట్టారా?" అంది కోడలు స్టవ్ కట్టేస్తూ. తుడుస్తూ తుడుస్తూ గొంతు తగ్గించింది. "నేను నవలలు సైన్సు పుస్తకంలో దాచుకుని చదివేదాన్ని లెండి. వాటిలో ఇంతకంటే ఎక్కువే ఉండేవి. మీ అబ్బాయితో అనకండి."

మర్నాడు ఆ పేజీ వచ్చింది. నాన్న స్నేహితుడు ఇంట్లో నాలుగు రోజులుంటాడు. సామాన్ల గదిలో పిల్ల భుజం మీద చెయ్యి వేస్తాడు, తియ్యడు. అమ్మతో చెబితే అమ్మ తలుపు వేసి, ఎవరితోనూ అనకు అంటుంది. మర్నాడు అతనికి మంచినీళ్ళు ఆ పిల్లతోనే పంపిస్తుంది. అంతే. పూలూ మబ్బులూ అడ్డం పెట్టకుండా, జరిగింది జరిగినట్టు రాసి ఉంది.

జిగురమ్మ వేలు అక్కడే నిలిచిపోయింది. ఆమె ఇంట్లో ఆ మనిషి వరసకు బాబాయి. అమ్మ అన్న మాట వేరు. "నోరెత్తావంటే నీకు పెళ్ళి కాదు." మంచినీళ్ళకు బదులు అతనికి అన్నం కంచం ఆమెతోనే పంపించింది. నెల తిరక్కుండా పెళ్ళి చేసేశారు. ఆ సంగతి భర్తకు చెప్పలేదు, తనకు తను కూడా చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి మాటలుండాలి కదా.

వెంటనే భయం మనవరాలి వైపు తిరిగింది. పిల్ల ఇక్కడ ఎందుకు ఆగింది? ఆ రోజు నుంచి గుమ్మం దాటి లోపలికొచ్చిన ప్రతి మగవాడినీ చూసింది. లెక్కలు చెప్పడానికి వచ్చే మాస్టారు చెప్పులు విప్పుతుంటే చూసింది. ఆదివారం కబుర్లకొచ్చే కొడుకు స్నేహితుడికి టీ తనే పట్టుకెళ్ళింది. కోడలి తమ్ముడు పిల్ల నెత్తి మీద మొట్టికాయ వేస్తే ఉలిక్కిపడింది. కన్నదాన్నయ్యుండి ఇదేం పాడు బుద్ధి అని తిట్టుకుంటూనే కొడుకువైపు కూడా ఒకసారి చూసింది. ఇక ఆగలేక, జడ వేస్తూ అడిగేసింది.

"ఆ పుస్తకంలో ఒక పేజీ అన్నిసార్లు ఎందుకు చదివావే?"

పిల్ల గిర్రున తిరిగింది. సగం జడ చేతిలోంచి జారిపోయింది. "నాన్న నీతో చదివిస్తున్నాడా?"

"ఊఁ."

"నువ్వు కూడానా నానమ్మా! అందుకా నేను నీకు నేర్పింది?"

"నన్ను తర్వాత తిడుదువు గాని. ముందు చెప్పు తల్లీ. నీతో ఎవరైనా..."

పిల్ల ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "నాకేం కాలేదు, ఒట్టు. నేను ఒక్కసారే చదివాను. నా చేతికొచ్చేసరికే అది అలా తెరుచుకుంటోంది. నాకంటే ముందు ఎంతమంది తీసుకెళ్ళారో. అందరూ అక్కడే ఆగారు." ఊడిన జడ పాయ వేలికి చుట్టుకుంటూ అంది. "పై క్లాసు అక్క ఒకామె తిరిగిచ్చేటప్పుడు లైబ్రరీ టీచర్‌కి తన సంగతి చెప్పిందట. ఇప్పుడు వాళ్ళింటికి ఆ మనిషి రావడంలేదు."

జిగురమ్మ జడ మళ్ళీ మొదటి నుంచి అల్లింది.

మీటింగు పిల్లల తరగతి గదిలో పెట్టారు. మోకాళ్ళు పట్టని బెంచీల్లో పెద్దవాళ్ళంతా ఇరుక్కుని కూర్చున్నారు. లైబ్రరీ టీచరు తడబడకుండానే చెప్పింది. "నేను చేరిన కొత్తల్లో ఈ వయసుకి కథలే వద్దన్నారు. తర్వాత నీతి ఉంటేనే కొనమన్నారు. ఇప్పుడు వీటికి బహుమతులిస్తున్నారు, పిల్లలకి మాత్రం ఇవ్వొద్దంటున్నారు. సెలవులకి ముందుగా పట్టుకెళ్ళేది మా టీచర్లేనండీ."

కొందరు నవ్వారు. జిగురమ్మ కొడుకు నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "బహుమతులు మాకెందుకండీ? లేనిపోనివన్నీ నేర్పుతాయివి. ఇవి చదివితే ఆడపిల్లలు పాడైపోతారు. నా మాట నమ్మొద్దు. మా అమ్మ పెద్ద వయసులో చదువు నేర్చుకున్న మనిషి, మొత్తం చదివింది. చెప్పమ్మా."

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె బెంచీ అంచు పట్టుకుని లేచింది.

"చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు."

కొడుకు టీచరువైపు, చూశారా అన్నట్టు చూశాడు.

"ఇందులో ఆ పిల్లకి జరిగిందే, పద్నాలుగో ఏట నాకూ జరిగింది."

ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. కోడలు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది, లాగడానికి కాదు. కొడుకు మెడ దాకా ఎర్రబడిపోయాడు. "అమ్మా... నువ్వు కూర్చో."

"కూర్చుంటాను నాన్నా. అప్పటికి నేను ఏ పుస్తకమూ ముట్టలేదు, నాకు ఓనమాలు కూడా రావు. మరి నన్ను పాడుచేసింది ఏ పుస్తకమో అది చెప్పు, కూర్చుంటాను."