ఎండవైపు జెండా

గోల్ఫ్ మైదానంలో మూడో గ్రీన్ మీద నిన్నటి గుంతలోంచి తెల్ల కప్పు పైకి లాగేసరికి రాజరత్నం చెప్పదలచుకున్న మాట మళ్ళీ మారిపోయింది. మొదటి గ్రీన్ దగ్గర అది "సూరమ్మగారూ, మీతో ఒక మాట మాట్లాడాలండి" అని మొదలైంది. రెండోదాని దగ్గర "మీరేమీ అనుకోకపోతే" అన్నది ముందు చేరింది. ఇప్పుడు మూడోదాని మీద మోకాళ్ళు ఆన్చి కూర్చుంటే, "మాట్లాడాలి" అనడమే ఏదో తగువు తీర్చడానికి పిలిచినట్టుగా ఉందనిపించింది.

రెండు చేతుల పిడి ఉన్న ఇనప గొట్టాన్ని గడ్డి మీద నిలబెట్టి, అటూ ఇటూ తిప్పుతూ జానెడు లోతు దింపాడు. పైకి లాగితే మట్టితో సహా గుండ్రటి గడ్డిదిమ్మ ఊడి వచ్చింది. కొత్త గుంతలో కప్పు దింపి జెండా గుచ్చాడు. ఊడివచ్చిన దిమ్మను నిన్నటి గుంతలో కూర్చి, అరచేత్తో అదిమి, చుట్టూ ఉన్న గడ్డితో సమానమైందో లేదో తల నేలకి వంచి చూసుకున్నాడు. క్లబ్బులో పనివాళ్ళందరూ దాన్ని బిళ్ళ అంటారు. గ్రీన్ అంటే బంతి చేరాల్సిన గుంత ఉన్న నున్నటి గడ్డిచదును. ఆటగాళ్ళ కాళ్ళు పడి గుంత చుట్టూ గడ్డి నలిగిపోతుంది కాబట్టి రోజూ దాని చోటు మార్చాలి. రోజుకి తొమ్మిది గుంతలు, తొమ్మిది బిళ్ళలు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఒక్కసారి కూడా బంతి కొట్టలేదు, కొట్టాలని అనుకోనూ లేదు.

ధవళేశ్వరం దాటాక కాలవగట్టు పక్కన, ఒకప్పుడు కొబ్బరితోట ఉన్న నేల అది. ఇప్పుడు రైసుమిల్లుల వాళ్ళూ, డాక్టర్లూ, కాంట్రాక్టర్లూ పొద్దున్నే కార్లలో వచ్చి తెల్లబంతిని కొట్టి, దాని వెనక నడిచి, మళ్ళీ కొడతారు. రాజరత్నానికి యాభై ఎనిమిది. పొడగరి. వంగి చేసే పని కాబట్టి నిలబడ్డప్పుడు కూడా కొంచెం వంగే ఉంటాడు. అరచేతుల్లో పిడి ఒత్తుకునే చోట రెండు కాయలు కట్టాయి. క్లబ్బు ఇచ్చిన ఆకుపచ్చ చొక్కా ఉతికీ ఉతికీ వెలిసిపోయింది. ఇవాళ మాత్రం దాన్ని ఇస్త్రీ చేయించుకొచ్చాడు. గడ్డం కూడా గీసుకున్నాడు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప ఆయన ఇంత ముస్తాబు ఎన్నడూ చేసుకోలేదు.

సూరమ్మ కలుపు తీసే ఆరుగురు ఆడవాళ్ళలో ఒకామె. పదకొండేళ్ళుగా ఈ గ్రీన్ల మీద గొంతుకిలా కూర్చుని, చిన్న చాకుతో తుంగ మొక్కల్ని గడ్డలతో సహా పీకుతోంది. కిందటి నెల క్లబ్బువాళ్ళు మందు కొట్టే మిషను కొన్నారు. దాంతో కలుపు కూలీలకి ఇవాళే ఆఖరి రోజు. మిగతా వాళ్ళు ఊళ్ళోనే వేరే పనులు చూసుకున్నారు. సూరమ్మకి భర్త లేడు, పిల్లలు లేరు. జంగారెడ్డిగూడెంలో ఉన్న తమ్ముడు పామాయిల్ నర్సరీలో పని మాట్లాడి పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి కూలీల వ్యాను వెళ్తుంది. దార్లో బస్టాండు దగ్గర సూరమ్మ దిగిపోతుంది. అంతే, మళ్ళీ రాదు.

రాజరత్నం భార్య పోయి పద్నాలుగేళ్ళయింది. కూతురు వినీల సామర్లకోటలో కాపురం ఉంటోంది. "ఒక్కడివీ ఎన్నాళ్ళుంటావు నాన్నా, ఎవరైనా మంచి మనిషి ఉంటే చూసుకో" అని ఫోన్లో రెండుసార్లు తనే అంది. కాబట్టి అడ్డం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన నోరొకటే అడ్డం. ఇవాళ ఎలాగైనా అడిగెయ్యాలని రాత్రే అనుకున్నాడు. అనుకోవడంలో ఆయనకి ఎవరూ సాటిరారు.

అయిదో గ్రీన్ అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. వాక్యం కూడా ఒక కొలిక్కి వచ్చింది. "సూరమ్మగారూ, మీకిష్టమైతే వెళ్ళకండి. మా ఇంట్లో ఉండిపోండి. చర్చిలోనే, పద్ధతిగానే." చివరి ముక్క చాలా ముఖ్యం అనుకున్నాడు. రెండుసార్లు పైకి అనుకుని చూశాడు, బాగానే ఉంది.

ఆరో గ్రీన్ కాలవగట్టు కింద ఉంటుంది. దాని అంచున పెద్ద కానుగ. మొన్నటిదాకా ఆకు రాల్చి సగం మోడుగా నిలబడింది, ఇప్పుడు లేతాకుతో గుబురుగా అయింది, మిగిలిన పాతాకు ఇంకా రాలుతూనే ఉంది. గ్రీన్‌లో సగం దాని నీడ, సగం ఎండ. ఆటగాళ్ళు జెండా ఉన్న వైపే కొడతారు, బంతులన్నీ అక్కడే పడతాయి. కలుపు తీసేవాళ్ళు జెండా దగ్గర కూర్చుంటే ప్రతి బంతికీ లేచి పక్కకి తప్పుకోవాలి. జెండా ఎండవైపు ఉంటే నీడలో కూర్చున్నవాళ్ళని ఎవరూ లేపరు. ఇది రాజరత్నం పదకొండేళ్ళ కిందట కనిపెట్టిన సంగతి. అప్పటినించీ ఆరోదాని మీద జెండా ఎండవైపే ఉంది, ఒకరోజు ఈ మూల, ఒకరోజు ఆ మూల, అంతే తేడా. "వాస్తు చూసి పెడుతున్నావా ఏంటి రాజరత్నం?" అని మెంబర్లు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆయన బతుకులో ఎవరినీ అడక్కుండా నిర్ణయించుకున్నది ఏదైనా ఉంటే ఇదొక్కటే.

ఇవాళ ఆ స్వేచ్ఛ లేదు. ఉగాది కప్పు పోటీలు. ఈసారి కొత్తగా, ఏ గ్రీన్ మీద గుంత ఎక్కడుండాలో చుక్కలు పెట్టిన కాగితం మేనేజరు జానకిరామ్ నిన్ననే ఇచ్చాడు. ఆరో గ్రీన్ చుక్క సరిగ్గా కానుగ నీడలో ఉంది. రాజరత్నం కాగితాన్ని ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, ఎండవైపు నడిచి గుంత తవ్వాడు. ఆఖరి రోజున ఆమెని ఎండలో కూర్చోబెట్టడానికి ఆయనకి చేతులు రాలేదు.

ఏడు గంటలకి జానకిరామ్ బ్యాటరీ బండిలో వచ్చి ఆయన్ని తొమ్మిదో గ్రీన్ దగ్గర పట్టుకున్నాడు.

"ఆరోది షీట్లో ఎక్కడుంది రాజరత్నం, నువ్వు పెట్టిందెక్కడ?"

"పొరపాటయిపోయిందండి."

"పంతొమ్మిదేళ్ళలో నీకు పొరపాటు ఇవాళే రావాలా? ఎనిమిదింటికి ప్లేయర్స్ వచ్చేస్తారు. వెళ్ళి మార్చెయ్."

ఆయన గొట్టం భుజాన వేసుకుని వెనక్కి వెళ్ళేసరికి ఆడవాళ్ళు నీడలో కూర్చుని ఉన్నారు. ఇవాళ తుంగ కంటే రాలిన కానుగాకులు ఏరడమే ఎక్కువ పని. అందరికంటే ముందు చిన్నమ్మాయి చూసింది. పేరు చిన్నమ్మాయే గానీ అరవై దాటింది, నోటికి మాత్రం వయసు రాలేదు.

"ఏంటండి మేస్త్రిగారూ, దారి తప్పి నీడకొచ్చారు?"

"ఇక్కడికి మార్చమన్నారండి. మీరంతా అటు వెళ్ళాలి."

చిన్నమ్మాయి చాకు బొడ్లో దోపుకుని లేచింది. "అయితే ఇవాళ మాడిపోవడమే. ఒసే సూరమ్మా, ఇవాళైనా నీ సీసాలో నీళ్ళు నువ్వే తాగవే. పదకొండేళ్ళనించి నా నీళ్ళు తాగి, నీ నీళ్ళు దాచుకుంటావు. ఇంత పిసినారిని నేను చూళ్ళేదండి." అందరూ నవ్వుతూ బుట్టలు తీసుకుని ఎండవైపు వెళ్ళారు.

సూరమ్మ వెనకే ఉండిపోయింది. చిన్న మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, నెరిసిన జుట్టు చిన్న ముడి. బుట్టలో ఆకులు సర్దుతూ, తలెత్తకుండానే అంది.

"పదకొండేళ్ళలో మీరు ఇటువైపు గుంత తవ్వడం ఇదే మొదలండి."

రాజరత్నం చేతిలో గొట్టం ఆగిపోయింది. "మీరు గమనించారా అండి?"

"గమనించకేంటండి. అందరూ వాస్తు అనుకునేవారు." బుట్ట ఎత్తి నడుం మీద పెట్టుకుంది. "నేను అనుకోలేదండి."

అంతకంటే మంచి సందు ఏ మనిషికీ దొరకదు. అయిదో గ్రీన్ మీద సిద్ధమైన వాక్యం గొంతు దాకా వచ్చింది. గాలికి రెండు కానుగాకులు ఆమె భుజం మీద పడ్డాయి.

"సూరమ్మగారండీ."

"చెప్పండి."

"ఎండెక్కువగా ఉంటుందండి. తలకి గుడ్డ కట్టుకోండి."

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఇంకేమైనా ఉందేమోనని ఆగినట్టే ఆగింది.

"అలాగేనండి," అంది. "నాలుగింటికి వ్యానండి. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను."

ఆమె వెళ్ళిపోయాక రాజరత్నం తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం బాగోదు. నీడలో గుంత తవ్వి, ఆ దిమ్మని పట్టుకెళ్ళి పొద్దున తవ్విన గుంతలో నింపాడు. ఎండవైపు ఇప్పుడు రెండు కొత్త బిళ్ళలు, ఒకటి నిన్నటి గుంత మీదది, ఒకటి ఇవాళ్టి పొరపాటుది. రెండూ సరిగ్గా కూర్చున్నాయి. ఆయన చేతి పని మీద ఆయనకి నమ్మకం. దాళ్వా, అంటే రెండో పంట, చివరి రోజుల్లో కాలవలో నీళ్ళు వంతులవారీగా వస్తాయి, క్లబ్బు చెరువు అడుగంటుతుంది, స్ప్రింక్లర్లు తెల్లవారుజామున ఒక్కసారే తిరుగుతాయి. ఎండల్లో ఏ గ్రీన్ మీద చూసినా బిళ్ళలు మధ్యాహ్నానికే వాడి, మర్నాటికి ఎండిన మచ్చలై కనిపిస్తాయి. ఆరోదాని మీద మాత్రం ఎప్పుడూ ఒక్క మచ్చ ఉండదు. అక్కడి బిళ్ళలన్నీ ఎండలోనే ఉన్నా ఎండవు. కాలవగట్టు చెమ్మ వల్లనో, అక్కడ తను కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టడం వల్లనో అనుకునేవాడు. ఎక్కువగా రెండోదే అనుకునేవాడు.

పొద్దంతా పని ఊపిరి సలపనివ్వలేదు. ఇసక గుంతల్లో అడుగుల జాడలు చదును చేశాడు, పడిపోయిన జెండాలు నిలబెట్టాడు, రెండుసార్లు మోటారు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఎక్కడున్నా కళ్ళు ఆరోదాని వైపే. ఎర్రటి ఎండలో ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె తలకి తెల్లగుడ్డ ఉంది. చెప్పిన మాట విన్నందుకు ఆయనకి గుండెల్లో సంతోషంగానూ, చెప్పాల్సిన మాట అది కానందుకు నొప్పిగానూ అనిపించింది. ఆట కాసేపు ఆగినప్పుడు తెల్లగుడ్డ మిగతావాళ్ళని వదిలి గ్రీన్ మధ్యకి నడిచి వంగింది. ఆకులు ఏరుతోంది కాబోలు అనుకున్నాడు. నాలుగింటికి గేటు దగ్గర, అందరూ వ్యాను ఎక్కుతుండగా అయినా సరే, పక్కకి పిలిచి అడిగేస్తాను. చిన్నమ్మాయి నవ్వితే నవ్వనీ.

మూడున్నరకి షామియానా కింద బహుమతులు మొదలయ్యాయి. జెండాలు తియ్యడానికి ఇంకా టైముంది కదా అని గేటు వైపు నడుస్తుంటే జానకిరామ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎక్కడికి? నీకూ ఒకటుంది. ప్రెసిడెంటుగారే ఇస్తానన్నారు. ఇక్కడే నిలబడు."

ప్రెసిడెంటు బంగార్రాజుగారు మైకు పట్టుకుంటే అంత తొందరగా వదలరు. క్లబ్బు పుట్టుక దగ్గరనించి మొదలుపెట్టారు. రాజరత్నం ముందువరస పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా క్లబ్బు గోడ మీది గడియారం నాలుక్కి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. జరుగుదామంటే జానకిరామ్ చెయ్యి భుజం మీద ఉంది.

"ఇంత ఎండల్లోనూ మన ఆరో గ్రీన్ చూశారా," అంటున్నారు బంగార్రాజుగారు. "ఒక్క ఎండు మచ్చ లేదు. వేరే క్లబ్బులవాళ్ళు వచ్చి అడుగుతున్నారు, ఏం మందు వేస్తున్నారండీ అని. మందు కాదండి, అది మన రాజరత్నం చెయ్యి. రా రాజరత్నం, పైకి రా."

గేటు దగ్గర వ్యాను హారన్ రెండుసార్లు మోగింది. చప్పట్లలో మూడోసారి మోగిందో లేదో తెలియలేదు. బంగార్రాజుగారు క్లబ్బు ముద్ర ఉన్న టోపీ స్వయంగా ఆయన తల మీద పెట్టి, ఫోటో కోసం భుజం మీద చెయ్యి వేశారు. ఫోటోగ్రాఫరు ఇంకొకటి, ఇంకొకటి అన్నాడు.

వదిలించుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము కూడా అణిగిపోయింది. వాచ్‌మన్ టీ తాగుతున్నాడు. "ఇప్పుడే వెళ్ళారండి. ఆ సూరమ్మగారు మీకోసం కాసేపు చూశారు. డ్రైవరు ఊరుకోలేదు," అన్నాడు.

రాజరత్నం కాసేపు రోడ్డు వైపు చూసి, జెండాలు తియ్యడానికి వెళ్ళాడు. ఆ పని ఎలాగూ ఉంది. ఒకటోది, రెండోది, మూడోది. పొద్దున తను కూర్చిన బిళ్ళలు అంచులు ముడుచుకుని, పాలిపోయి ఉన్నాయి. నాలుగో గ్రీన్ బిళ్ళ చుట్టూ సన్నటి బీట వారింది. అయిదోదీ అంతే. చేతి మహిమ అక్కడెందుకు పనిచెయ్యలేదో ఆయన ఆలోచించలేదు. మనసు బస్టాండులో ఉంది.

ఆరో గ్రీన్ మీద ఎవరూ లేరు. నీడలో జెండా తీసి, అలవాటు కొద్దీ ఎండవైపు నడిచాడు. రెండు బిళ్ళలూ పచ్చగా ఉన్నాయి. వంగి వేలితో తాకితే తడి తగిలింది. వాటికి రెండడుగుల దూరంలో ఒక ప్లాస్టిక్ సీసా నిలబెట్టి ఉంది. మెడకి నీలం దారం కట్టిన సూరమ్మ సీసా. దాని మూతకి సూది కాల్చి పొడిచిన చిన్న చిన్న చిల్లులు ఉన్నాయి. వంచితే నీళ్ళు చిలకరించినట్టు పడతాయి, తాగడానికి పనికిరాదు.

రాజరత్నం అక్కడే కూలబడ్డాడు. పదకొండేళ్ళు. ఆమె నీడలో కూర్చోవాలని ఆయన జెండా ఎండలో పెట్టాడు. ఆ ఎండలోకి ఆమె రోజూ లేచి వచ్చి, తన దాహం పక్కవాళ్ళ నీళ్ళతో తీర్చుకుని, ఆయన బిళ్ళకి నీళ్ళు పోసింది. తల మీద టోపీ తీసి గడ్డి మీద పెట్టాడు. అది తనది కాదు. ఫోన్ నంబరు చిన్నమ్మాయిని అడిగితే ఇస్తుంది. కానీ ఎదురుగా నిలబడి చెప్పండి అంటే చెప్పలేనివాడికి ఫోన్లో నోరు పెగులుతుందా. ఆమె కావాలని ఆయనకి ఇంతగా ఎప్పుడూ అనిపించలేదు.

"సూరమ్మగారూ," అన్నాడు. "మీకిష్టమైతే వెళ్ళకండి. మా ఇంట్లో ఉండిపోండి. చర్చిలోనే, పద్ధతిగానే."

ఈసారి ఒక్క అక్షరం కూడా తడబడలేదు. కాలవ అవతల దాళ్వా చేల మీదనించి వేడిగాలి వచ్చి కానుగాకుల్ని కొన్నిటిని గ్రీన్ మీదికి తోసింది. ఏరడానికి రేపటినించి ఎవరూ రారు. ఇంకా మూడు జెండాలు తియ్యాల్సి ఉంది, ఆయన మోకాలు పట్టుకుని లేచి ఏడోదాని వైపు నడిచాడు. సీసాని తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. అడుగున ఇంకా రెండు గుక్కల నీళ్ళతో అది ఎండవైపే నిలబడి ఉంది.