కొత్త టైరు మెరుపు పోయేదాకా

సోమవారంలోపు తెమలాల్సిన పనులు ఇవి. సర్టిఫికెట్లకు నకళ్ళు తీయించడం. కళ్ళ డాక్టరు దగ్గర చీటీ తెచ్చుకోవడం. తడి నేల మీద జారని బూట్లు కొనడం. తెల్లకోటుకు ఊడిన గుండీ కుట్టుకోవడం. అన్నయ్య బండి మీద కప్పిన టార్పాలిన్ తీయడం. దానికి టైర్లు మార్పించడం. అమ్మను ఒప్పించడం.

చివరి మూడూ నిజానికి ఒకటే పని.

నాకు ఊరి చివర నీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. తెల్లవారుజామునే ట్యాంకుల్లోంచి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేయాలి. ఊరు నిద్ర లేచి కుళాయి తిప్పేలోపు ఈ నీళ్ళు తాగొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ చెప్పేదాన్ని ఇక నేను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఈ ఉద్యోగం నా ఒక్కదానిదే అనుకోవడానికి లేదు. అమ్మ పనిచేసే లాండ్రీలో అప్పుడే, "ఇక నీళ్ళలో నలక కనిపిస్తే మీ అమ్మాయినే పట్టుకుంటాం" అంటున్నారట.

చిక్కల్లా దారి దగ్గర వచ్చింది. మొదటి బస్సు డిపోలోంచి బయటికొచ్చే వేళకు నేను అక్కడ సీసాలు కడిగి సిద్ధంగా ఉండాలి.

ఇంట్లో బండి ఉంది. అన్నయ్యది. ఎర్రటి స్పోర్ట్స్ బండి. పందేలు తోలే స్నేహితుడు ఒకడు కొత్తది కొనుక్కుంటుంటే అతని పాతది అన్నయ్య తీసుకున్నాడు. బండితో పాటు ఆ పందెం టైర్లూ వచ్చాయి. వాటి గురించి చెప్పమంటే అన్నయ్యకు కాఫీ చల్లారేది తెలిసేది కాదు. ఎంత మెత్తటి రబ్బరో, రోడ్డుకు ఎలా అతుక్కుంటుందో వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

పోయిన చలికాలం ఒకరోజు పొద్దున్నే అమ్మను లాండ్రీ దగ్గర దింపడానికి బయల్దేరాడు. మా సందు చివర బేకరీ దగ్గర మలుపుంది. నడిచేవాళ్ళు దాటిపోయేంత నిదానంగా తిప్పాడు. అయినా వెనక చక్రం పక్కకు జారిపోయింది, బండి అక్కడే పడుకుంది. అమ్మ మణికట్టు విరిగింది. తర్వాత అతుక్కుంది కానీ, ఇస్త్రీపెట్టె ఎత్తబోయే ముందు అమ్మ చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం అన్నయ్య కంట పడుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే బండి మీద టార్పాలిన్ కప్పేశాడు. "నా చేతులు బండికి పనికిరావు" అన్నాడు. అప్పటి నుంచి పనికి బస్సులోనే వెళ్తాడు. వాడు లిఫ్టు మెకానిక్. ఆదివారం మాత్రం టార్పాలిన్ ఒక మూల ఎత్తి, బండి స్టార్ట్ చేసి, కాసేపు పక్కన నిలబడి, ఆపేసి మళ్ళీ కప్పేసేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళం కాదు.

నాకు బండి తోలడం నేర్పింది కూడా వాడే, నేను కాలేజీలో ఉన్నప్పుడు, మూతపడిన గోదాము ముందున్న ఖాళీ స్థలంలో. అందుకని ఉద్యోగం సంగతి తెలిసినప్పుడు, "తీసుకో, కానీ టైర్లు నేను ఎంచుతాను. ఉన్నవి ఏడాదిగా కదలక గట్టిపడిపోయాయి" అన్నాడు. ఒప్పుకోనిది అమ్మ.

"వాడికే నమ్మకం లేని బండి మీద నిన్నెట్లా పంపను? ముందు వాణ్ణి ఎక్కి తిరిగి రమ్మను. అప్పుడు చూద్దాం."

నాన్న లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. ఫోన్ చేసి చెప్తే, "నాకు తెలిసినవి లారీ టైర్లేనమ్మా. పడతాయంటే చెప్పు, రెండు పంపిస్తా" అని నవ్వి, చివరికి అమ్మ మాటే ఖాయం చేశాడు. అన్నయ్య బండెక్కితే నాకు ఉద్యోగానికి దారి దొరుకుతుంది. ఎక్కకపోతే, వచ్చిన ఉద్యోగం వదులుకోవాలి. ఈ షరతు అన్నయ్యకు చెప్పలేదు. చెప్తే నా కోసం పళ్ళు బిగించుకుని ఎక్కుతాడు. అలా ఎక్కిస్తే మళ్ళీ టార్పాలిన్ కిందికే పోతుంది ఆ బండి.

శుక్రవారం వాడికి సెలవు. బండిని టైర్ల షాపుకు తోసుకుంటూ వెళ్ళాం. దారిలో కూరగాయల బండి ఆయన, "ఏం బాబూ, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు.

"బండిలో ఉందండీ. నాలోనే అయిపోయింది" అన్నాడు అన్నయ్య.

టైర్ల షాపు ఆయన్ని అందరూ ప్రొఫెసర్ అంటారు. టైమెంతయిందని అడిగినా గడియారం పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టే మనిషి. షాపు నిండా పైకప్పు దాకా టైర్లు, ఒక మూల సబ్బునీళ్ళ బకెట్టు, ఆగి ఆగి దగ్గే కంప్రెసర్.

"రా తమ్ముడూ. లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరిగి తిరిగి పక్కకు వంగడం మర్చిపోయుంటావు" అన్నాడు.

అన్నయ్య ముఖం కందింది. "నాకు కాదన్నా, చెల్లికి. ఆ పై వరసలోది దించండి. అన్నిటికన్నా మెత్తటిది."

అది దాదాపు నున్నగా ఉంది. అక్కడక్కడా నాలుగు గాట్లు, అంతే. అన్నయ్య బొటనవేలి గోరు దాని మీద నొక్కి చూపించాడు. "చూడు, గోరు దిగుతోంది. ఇది రోడ్డును పట్టుకుంటే వదలదు."

"నీ బండికి ఉన్నవీ ఇలాంటివే కదా?" అన్నాను.

"వాటికంటే ఇది ఒక మెట్టు పైది. అందుకే నీకిది."

వాడి ఉద్దేశం అర్థమైంది. తనకు పట్టు చాలలేదు, కాబట్టి చెల్లెలికి ఇంకా ఎక్కువ పట్టు ఉండాలి. కాదనడానికి మనసు ఒప్పలేదు. కానీ తెలియనిది అడగకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. ప్రొఫెసర్ వైపు తిరిగాను.

"అంకుల్, ఇది బండి తీసిన వెంటనే పట్టుకుంటుందా?"

"వెంటనే ఎట్లా పట్టుకుంటుందమ్మా, వేడెక్కాలి. పందేల దగ్గర వీటికి కరెంటు దుప్పట్లు కప్పి వేడిచేస్తారు."

"టైర్లకు దుప్పట్లా?"

"మా ఆవిడా ఇదే అడిగింది. మనకే లేని దుప్పటి దానికెందుకంది."

"మరి దుప్పటి లేకపోతే?"

"గట్టిగా తోలాలి, గట్టిగా బ్రేకులెయ్యాలి, మలుపు మీద మలుపు కొట్టాలి. అప్పుడు కాగుతుంది."

"మా ఇంటి నుంచి బేకరీ మలుపు దాకా వచ్చేసరికి కాగుతుందా?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఆ కాస్త దూరానికి ఇంజనే వేడెక్కదు, టైరెక్కడ కాగుతుంది? అందులోనూ చలికాలం పొద్దున్నయితే చెక్కముక్కే అది." అని, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు ఆపేశాడు. అన్నయ్య పడిన సంగతి ఆయనకూ తెలుసు.

అన్నయ్య టైరును గోడకు ఆనించి బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళాను. బండి పక్కన నిలబడి అద్దం మీది దుమ్ము తుడుస్తున్నాడు.

"ఆ రోజు ఎంత చలో గుర్తుందా? అమ్మ నీ మఫ్లర్ కూడా చుట్టుకుంది" అన్నాను.

"డిగ్రీ గారూ, నా మీద జాలిపడి పాఠం చెప్పకు."

"జాలి కాదన్నయ్యా. లాండ్రీ మొత్తంలో మంచి ఇస్త్రీపెట్టె అమ్మది. ప్లగ్గు పెట్టిన మరుక్షణం చొక్కా మీద పెడితే ముడత పోతుందా?"

వాడు అద్దాన్ని ఇంకా గట్టిగా రుద్దాడు.

"పోకపోతే అమ్మ చేతులు పనికిరావంటావా?"

దుమ్ము తుడిచే చెయ్యి ఆగింది. "ఆ టైర్లు బాగున్నాయని మురిసిపోయింది నేనే కదే" అన్నాడు.

"నువ్వే. ఎంచుకోవడంలో పొరబడ్డావు, తోలడంలో కాదు. ఎంచుకున్నది ఇవాళ మార్చుకోవచ్చు."

లోపల్నుంచి ప్రొఫెసర్ గొంతు వినిపించింది. "ఆ రోజు రోడ్డు మీద ఏముందో నేను చూడలేదు తమ్ముడూ, కాబట్టి ఖాయంగా చెప్పను. కానీ ఆ చలిలో ఆ టైరుతో నేనైనా పడేవాణ్ణి. నేను పడితే రోడ్డుకే దెబ్బ."

అన్నయ్యకు నవ్వు రాబోయి ఆగింది. లోపలికి నడిచాడు. ఈసారి పై వరస వైపు చూడలేదు. పనిలో ఉన్నప్పటి గొంతుతో నా దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దున్నే చలిలో బయల్దేరుతుంది. బేకరీ మలుపు, ఆ తర్వాత వంతెన, అది దిగాక ఇంకో మలుపు. అక్కడి నుంచి అంతా తిన్నగా ట్యాంకర్ల రోడ్డు. ట్యాంకర్లు కారుతూ పోతాయి, ఎండాకాలంలో కూడా ఆ రోడ్డు ఆరదు. రోజూ పోయి రావాలి."

"ఇదీ అడగాల్సిన పద్ధతి" అని ప్రొఫెసర్ కింది వరసలోంచి ఒక జత లాగాడు. "మధ్యలో గట్టి రబ్బరు, తిన్నటి రోడ్డు మీద తొందరగా అరగదు. పక్కల్లో మెత్తన, మలుపు కోసం. గాట్లు లోతు, నీళ్ళను పక్కకు చిమ్మేస్తాయి. చలికి మొరాయించదు."

అన్నయ్య మధ్యలో గోరు నొక్కాడు. దిగలేదు. "చూడ్డానికి వీరుడిలా లేదే."

"వీరులు పొద్దున్నే లేవరు తమ్ముడూ."

"తిన్నటి రోడ్డు మీద వంచే పని లేదు, అంచులు అరగవు. పందేలు తోలే మావాళ్ళు చూస్తే, ఆ అంచులు అమ్ముకోవడానికి దాచావా అంటారు."

"అననీ. నేను పోయేది పనికి, పందేనికి కాదు" అన్నాను.

వాడు నన్నొకసారి చూసి, "ఇవే వెయ్యండి" అన్నాడు.

చక్రాలు ఊడదీశారు. రిమ్ముకు సబ్బునీళ్ళు రాసి కొత్త టైరు ఎక్కించి గాలి పెడితే, ఠప్‌మని అంచు కూర్చుంది. బండి మళ్ళీ రెండు చక్రాల మీద నిలబడ్డాక ప్రొఫెసర్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఒక్క మాట. ఈ మెరుపు చూశారా? కొత్త టైరు మీద నున్నటి పొర. అది అరిగిపోయేదాకా జారుతుంది. మొదట్లో దూకుడు వద్దు, వంచడం వద్దు, వెనక మనిషి వద్దు. రోజురోజుకీ కొంచెం కొంచెంగా వంచుతూ పోవాలి. అంతవరకూ జాగ్రత్త."

నేను తాళం కోసం చెయ్యి చాపాను. అన్నయ్య ఇవ్వలేదు.

"జారుతుందా?" అన్నాడు ఆయనతో.

"నిదానంగా తోలితే ఏం కాదు. ఎవరో ఒకరు అరగదీయాల్సిందే కదా."

అన్నయ్య నా వంక చూశాడు, టైరు వంక చూశాడు. తాళం గుప్పిట్లో బిగించి, "నువ్వాగు" అన్నాడు.

హెల్మెట్ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రొఫెసర్‌ది అడిగి పెట్టుకున్నాడు. గడ్డం కింద పట్టీ బిగించి, లాగి చూసి, విప్పి మళ్ళీ బిగించాడు. నిండు బిందె ఎత్తుకున్న మనిషిలా బండిని రోడ్డు మీదికి తీశాడు. వీధి చివర ఎడమకు తిరిగి కనిపించకుండా పోయాడు.

చాలాసేపు రాలేదు. నేను గుమ్మం దాకా, గోడ దాకా తిరుగుతుంటే ప్రొఫెసర్ టీ గ్లాసు అందించి, "వస్తాడమ్మా, రాక ఎక్కడికి పోతాడు. హెల్మెట్ నాది" అన్నాడు.

వెళ్ళిన వైపు నుంచి కాక, రెండో వైపు నుంచి వచ్చాడు. ఊరు చుట్టి వచ్చినట్టున్నాడు. దిగి, హెల్మెట్ కూడా తీయకుండా వంగి వెనక టైరు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇటు రా. చెయ్యి పెట్టు."

పెట్టాను. గోరువెచ్చగా ఉంది. మధ్యలో మెరుపు పోయి పలకలా మాసింది. రెండు పక్కలా ఇంకా తళతళలాడుతోంది.

"ఇంకా చాలా ఉంది అరగాల్సింది. రేపూ తిరగాలి, ఎల్లుండీ తిరగాలి" అని విసుక్కున్నాడు. అంత హాయిగా విసుక్కోవడం నేను చూసి ఏడాది అయింది.

ఇంటికి నన్ను ఎక్కించుకోలేదు. నేను నడుస్తుంటే పక్కనే నడక వేగంతో తోలాడు. బేకరీ మలుపు దగ్గర నేను ఆగిపోయాను. వాడు ఆగలేదు. నిదానించి, చూసి, తిప్పాడు. అంతే, మలుపు అయిపోయింది.

అమ్మ గుమ్మంలో బట్టలు మడతపెడుతోంది. "ఎవరు తోలుకొచ్చారు?"

"నేనేనమ్మా."

అమ్మ చేతిలో ఉన్న చొక్కాను మడత విప్పి మళ్ళీ మడిచింది. "అయితే ఒరేయ్, రేపు నన్ను లాండ్రీ దగ్గర దింపు."

"రేపు కాదు. మెరుపు పోయేదాకా వెనక ఎవర్నీ ఎక్కించను."

"ఆగుతాలే. ఇన్నాళ్ళూ ఆగలేదా?" అని నా వైపు తిరిగింది. "నీ బూట్లు కొన్నావా? రేపు షాపు మూసేస్తారేమో కనుక్కో."

శని, ఆది వారాలు అన్నయ్య ఊరంతా తిరుగుతూనే ఉన్నాడు. సోమవారం చీకటి విడవకముందే నా చేతికి తాళం ఇస్తూ, "అంచుల్లో కొంచెం మెరుపుంది, వంచకు" అన్నాడు. ట్యాంకర్ల రోడ్డు తడిగానే ఉంది. బండి తొణకలేదు. ఆ పొద్దుటి నీళ్ళు బాగున్నాయని నేనే సంతకం పెట్టాను. ఇప్పుడు ఆదివారాలు అన్నయ్య వెనక అమ్మ కూర్చుంటుంది. మిగతా సాయంత్రాలు తాళం కోసం నాకూ వాడికీ రోజూ పేచీ.

మీరెప్పుడైనా కొత్త టైర్లు వేయించుకుంటే, ఆ మెరుపు పోయేదాకా మలుపుల దగ్గర నిదానించండి. అలా నిదానించినప్పుడు, చెల్లెలు జారిపడుతుందేమోనని తన భయం పక్కనపెట్టి ముందుగా తనే బండెక్కిన మా అన్నయ్యను ఒక్కసారి తలుచుకోండి.