సాంచ ఆగితే మెలకువ

సిద్దిపేట మొత్తంలో సారయ్యకు నిద్ర పట్టేది ఒక్క చోటే. అది నాగేశం బట్టల దుకాణం. సారయ్య కొలువు కూడా అక్కడే కావడమే వచ్చిన చిక్కు.

ఇంట్లో మంచం ఉంది, దూది పరుపు ఉంది, చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దంతోనే పేచీ. సారయ్య మహారాష్ట్రలోని భివండిలో ఏళ్లకేళ్లు రాత్రి పాళీలో, తెల్లవార్లూ, సాంచలు నడిపాడు. ఆ మరమగ్గాల మోతలో నిలబడే కునుకు తీసేవాడు. మోత సాగుతోందంటే లోకం క్షేమం. ఆగిందంటే ఎక్కడో పోగు తెగినట్టు, లేచి ముడి వెయ్యాలి. ఇప్పుడు ఇంట్లో లైటు ఆర్పగానే లోకంలోని పోగులన్నీ ఒక్కసారే తెగినట్టు గుండె ఉలిక్కిపడుతుంది.

దుకాణంలో ఆ బాధ లేదు. గడప పక్కన జాకెట్లు కుట్టే ప్రవీణ మిషన్ టకటకమంటుంటే, అన్నం తిన్న సారయ్య చేతిలో మీటరు కట్టె నిటారుగానే ఉండేది, తల మాత్రం వాలిపోయేది.

ఆ రోజూ అంతే. "సారన్నా! గీ అక్క లైనింగ్ అడిగి ఎంతసేపాయె!" అని నాగేశం అరిచినా చలనం లేదు.

"గట్ల లేవడు సేటూ, చూడుండ్రి," అంటూ ప్రవీణ మిషన్ మీద కాలు ఆపింది.

"ఏడ తెగింది?" సారయ్య దిగ్గున లేచాడు. వేళ్లు గాలిలో పోగు కోసం వెతికాయి.

బట్టలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు పకపక నవ్వారు. "పండలే సేటూ, జర కండ్లు మూసుకున్న," అన్నాడు సారయ్య.

"మరి గురక పెట్టిందెవరు, మీటరు కట్టెనా? బతుకమ్మ గిరాకీ మొదలైతుంది. ఇంకోసారి కునికినవంటే ఇంట్లనే పండు, రేపటి సంది రాకు."

ఇంట్లోనే నిద్ర రాదని నలుగురిలో ఎట్లా చెప్పడం? ఈ వయసులో మళ్లీ భివండి పోయే ఓపికా లేదు.

ఖాళీ టిఫిన్ కోసం వచ్చిన ఆయన భార్య కొండవ్వ అంతా చూసింది. నవ్వలేదు. గాలిలో వెతికిన ఆ వేళ్లనే చూసింది. పోతూ పోతూ ప్రవీణతో తన ఫోన్‌లో మిషన్ చప్పుడు ఎక్కించుకుంది.

ఆ రాత్రి ఫోన్ టకటకమంటుంటే సారయ్య పడ్డవాడు పడ్డట్టే నిద్రపోయాడు. కానీ తెల్లవారి కొండవ్వ లేచి నడవబోతే దుప్పటి వెంట వచ్చింది. రాత్రి ఫోన్‌లో చప్పుడు అయిపోగానే నిద్రలోనే లేచి, ఆమె చీర కొంగును దుప్పటి అంచుకు ముడి వేశాడు మహానుభావుడు!

"గట్టిగనే ఏసినవయ్యా," అందామె, పళ్లతో ముడి విప్పుతూ. "ఒక్కమాట చెప్త ఇను. చప్పుడు ఆగిందంటే పోగు తెగినట్టు కాదు. పాళీ అయిపోయినట్టు. ఇంటికొచ్చినవ్."

సారయ్య నలిగిన కొంగును వేళ్లతో సవరించాడు. పాళీ అయిపోయిందని తనతో ఎవరూ చెప్పనే లేదనిపించింది.

ఆ పూట నుంచి ఇంట్లో కొండవ్వ రాజ్యం. పొద్దుగూకినాక చాయ్ బంద్. రాత్రి ఎట్లా గడిచినా పొద్దున కోడి కూయగానే లేవాలి. అన్నం తిన్నాక దుకాణం ముందు ఎండలో అటూ ఇటూ నడవాలి. ఫోన్ చప్పుడు ఆగకుండా పెట్టింది గానీ, పసివాడికి పాలు మాన్పించినట్టు రోజూ కొంచెం తగ్గించుకుంటూ పోయింది. మొదట్లో ఆయన కళ్లు మండేవి, కోపమొచ్చేది, ఒకరోజు ఎండలో నిలబడే తూగాడు. తర్వాత మెల్లగా నిద్ర తన వేళకు తనే వచ్చి కూర్చోసాగింది. ఒకనాడు ఫోన్ పెట్టడమే మరిచిపోయారు. మధ్యలో మెలకువైతే "పాళీ అయిపోయింది" అనుకుని సారయ్య అటు తిరిగి పడుకున్నాడు.

బతుకమ్మ గిరాకీ ఊపందుకుంది. ఓ మధ్యాహ్నం సారయ్య లైనింగ్ కొలుస్తుంటే గల్లా దగ్గర గురక వినబడింది. నాగేశం!

ప్రవీణ కొంటెగా నవ్వి మిషన్ మీద కాలు ఆపబోయింది.

"ఆపకు చెల్లే," సారయ్య గుసగుసలాడాడు. "నడవనియ్యి. పాపం, సేటుకు ఇంట్ల నిద్ర పడుతలేదేమో."