ఒక కారు, రెండు స్టీరింగ్ ర్యాకులు

మా ఆయన రాజగోపాల్‌కు బెంగళూరు పీణ్యలో లేతు షాపు ఉంది. ఇంటి వెనక షెడ్డులో రెండో సంసారం కూడా ఉంది. చాసీ తనే వెల్డింగ్ చేసుకుని, విడిభాగాలు తెప్పించుకుని, ఇద్దరు కూర్చునే చిట్టి కారు ఒకటి కడుతున్నారు.

కారు నాకోసమేనట. భుజం పట్టేసినప్పటి నుంచి నేను బండి తీయడం మానేశాను. ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు బయలుదేరాలి, వాళ్ల వెంట నేను. పగవాళ్లకు కూడా వద్దు ఆ బతుకు. అందుకే ఈ కారు మీద గంపెడాశ పెట్టుకున్నాను.

పని స్టీరింగ్ ర్యాకు దగ్గర ఆగింది. మనం స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు తోసేది అదే. ఈయన రెండు తెచ్చారు. ఒకటి పాత చిన్నకారుది, ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు చుట్లు తిప్పాలి. ఇంకొకటి పందెం కార్ల రకం, రెండు చుట్లకే పని అయిపోతుంది. ఈయన మనసు ఎటు మొగ్గిందో చెప్పక్కర్లేదు. అది బిగించి నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

“తిప్పి సూడే, ఒక వేలితో తిరగతాది!”

నిజంగానే తిరిగింది. పొంగిపోయి కిందికి చూస్తే, ముందు చక్రాలు రెండూ జాకీల మీద గాలిలో ఉన్నాయి.

“దించండి,” అన్నాను.

దించారు. ఇక ఎంత లాగినా స్టీరింగ్ కదిలితే ఒట్టు. భుజం నొప్పికి మాత్రం ప్రాణం పోయింది. చుట్లు తగ్గితే బలం ఎక్కువ పెట్టాలని లేతు షాపు ఆయనకు తెలియక కాదు, మోజు.

“బండి కదిలితే స్వల్ప తేలికవుతాదిలే. కాకుంటే నేను నడుపుతా, నువ్వు పక్కన కూసో.”

“పక్కన కూసోడానికి బస్సు ఉండాది!”

లోపలికి వచ్చి ఏడ్చాను. ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు కూడా నా తరఫునే మాట్లాడాయి.

మర్నాడు ఆదివారం. ఆయన స్నేహితుడు మునిరాజు వచ్చాడని షెడ్డుకు టీ తీసుకెళ్లాను. పందెం ర్యాకు విప్పేసి నేల మీద పెట్టి ఉంది. ఈయన కారు కింద పడుకుని చిన్నకారుది బిగిస్తున్నారు.

“ఏమప్పా, ఇంత సోకుబండికి ఈ ముసలి ర్యాకా? నాలుగు చుట్లు తిప్పేలోపల పొద్దు పోతాది,” అని నవ్వాడు మునిరాజు.

“నడిపేది నేను కాదప్పా,” అన్నారు ఈయన కింది నుంచే. “వరూధిని.”

నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, మునిరాజు అక్కడ ఉండటం మీద కోపం వచ్చింది.

సాయంత్రం పక్కనున్న ఖాళీ ఇళ్ల స్థలాల్లో కారు తీశాను. చెయ్యి మార్చి చెయ్యి మార్చి, తాపీగా తిప్పాను. నేను తిప్పిన వైపే తిరిగింది.

“ఇంగ చాలు దిగే, రేపు చెయ్యి నొస్తాది,” అన్నారు.

“నొస్తే నొయ్యనీ!”

నిజానికి నొప్పి అప్పటికే మొదలైంది. అయినా ఎటు పోవాలో నా ఇష్టం కదా, ఈసారి ఎడమకు తిప్పాను.