ప్యాచీల డబ్బాలో గొలుసు

నా భార్య పోయి ఏడాది తిరగకముందే వదిన గొలుసు కోసం వచ్చింది. వదిన అంటే నా భార్యకు అక్క. వెనకాల ఆమె మొగుడు, నా తోడల్లుడు. ఎక్కడికైనా ఆమె వెనకాలే వస్తాడు. గేదె తోక మీద ఈగ అందామంటే, ఈగ అప్పుడప్పుడూ తనంతట తాను ఎగురుతుంది.

చీరలు అంతకుముందే పట్టుకెళ్ళింది. తర్వాత గిన్నెలు, కుట్టుమిషను. అన్నీ చెల్లెలి గుర్తులేనట. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా ఆ చెల్లెలు ఫోన్ చేస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేసేది. ఆ ఇంట్లో అన్ని పాలు ఎవరు తాగేవారో నాకు తెలియదు.

మిగిలింది గొలుసొక్కటే. వెండిది. వాళ్ళమ్మ నా భార్యకిచ్చింది. తలకు రంగు వేసుకునేటప్పుడూ, సెంటు కొట్టుకునేటప్పుడూ తప్ప మెడలోంచి తీసేది కాదు. అప్పుడప్పుడూ నా పాత బనియను చింపి, ఆ గుడ్డతో మెల్లగా తుడిచేది. పాతది దొరక్కపోతే కొత్తదాన్నే పాతదని తేల్చేసేది. ఆ గొలుసు నేను ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు.

ఇంట్లో ఉంటే వదిన చేతులు ఊరుకోవు. అందుకని దుకాణంలో దాచాను. నాది పంక్చర్ల దుకాణం. రబ్బరు ప్యాచీలుండే రేకు డబ్బాలో, ప్యాచీల మధ్యన పెట్టి మూత బిగించాను. మళ్ళీ తీసి చూడలేదు.

వదిన వచ్చి టైర్ల దొంతర మీద కూర్చుంది.

"మరిదీ, అది మా అమ్మ గొలుసు. చెల్లి పోయాక నాకు రావాలి కదా."

"కూతురుంది కదా వదినా."

"దానికిప్పుడు తొందరేముంది? నా తర్వాత దానికే ఇస్తాను."

"మీ తర్వాతంటే ఎప్పుడు?"

తోడల్లుడు నవ్వబోయి దగ్గాడు.

"మాటలు కాదు, ముందు గొలుసు చూపించు. ఉందా, అమ్ముకు తిన్నావా?"

ఆ మాట గుచ్చుకుంది. డబ్బా దించి మూత తీశాను.

గొలుసు బొగ్గులా ఉంది. వదిన లాక్కుని వెలుతురులోకి పట్టింది.

"ఇది వెండా? ఏమండీ, చూడండి!"

తోడల్లుడు గోటితో గీకాడు, వాసన చూశాడు. "ఇనుమే. రబ్బరు వాసన కూడా వస్తోంది."

"రబ్బరు గొలుసంటారా?"

"ఇనుమే, ఇనుమే" అన్నాడు గబగబా.

"మార్చేశావు మరిదీ! వెండిది అమ్ముకుని, ఇనప ముక్క పెట్టావు! ఇందుకేనా మా చెల్లి నీతో కాపురం చేసింది?"

నోరు తెరవబోయాను. అప్పుడు తట్టింది. వెండి అంటే పట్టుకెళ్తుంది, ఇనుమంటే పట్టుకెళ్ళదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

"నీ ఇనప గొలుసు నీ మెడకే కట్టుకో!" అని పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టిలోకి విసిరి, మొగుణ్ణి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రానికే నా కూతురు ఏడుస్తూ మా ఇంటి గుమ్మంలో నిలబడింది. అది నగల దుకాణంలో వెండి కౌంటరు దగ్గర పనిచేస్తుంది.

"అమ్మ గొలుసు అమ్మేశావా నాన్నా?"

వదిన ఏమన్నా నాకు పట్టింపు లేదు. ఇది అడిగితే మాత్రం దాచలేకపోయాను. తొట్టిలోంచి తీసి జేబులో వేసుకొచ్చిన గొలుసు దాని చేతిలో పెట్టాను. అది కొక్కెం చూసింది. ఒకసారి కొక్కెం విరిగితే సైకిలు చువ్వ వంచి నేనే వేశాను. అంత అసహ్యమైన కొక్కెం ఇంకెక్కడా ఉండదు.

"అమ్మదే" అంది. ఏడుపు ఆగి తిట్లు మొదలయ్యాయి. "ఎక్కడ పెట్టావు?"

"ప్యాచీల డబ్బాలో."

"నీకు బుద్ధుందా? రబ్బరులో గంధకం ఉంటుంది. వెండికి గంధకం తగిలితే నల్లబడుతుంది. మామూలుగా గాలికే కొద్దికొద్దిగా మాసిపోతుంది. నువ్వు దాన్ని గంధకంలో ఊరేశావు!"

గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచింది. వేడినీళ్ళు, ఉప్పు, వంటసోడా వేసి, గొలుసును రేకుకు ఆనేలా ముంచింది. కుళ్ళిన గుడ్ల కంపు లేచింది. చూస్తుండగానే నలుపు విరిగి తెలుపు బయటపడింది. కడిగి, తడి లేకుండా ఒత్తింది.

"పళ్ళపొడితో రుద్దేవు, గీతలు పడతాయి. పెద్దమ్మకు ఇప్పుడే ఫోన్ చేస్తాను. నిన్ను దొంగంటుందా!"

"చెయ్యకు."

"అందరూ నిన్ను తిడుతున్నారు నాన్నా."

"తిట్టనీ. తిట్లకు నేను అరగను. నిజం తెలిస్తే రేపు పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తుంది. ముందు నువ్వు తీసుకో, నీదే కదా."

అది గొలుసు వంక చూసింది. తర్వాత నా మెడ వంక చూసింది.

"వెండి పెట్టెలో కన్నా ఒంటి మీదే బాగుంటుంది. రాపిడికి మెరుస్తూ ఉంటుంది. నీ దగ్గరే ఉండనీ. రబ్బరుతో పని కాబట్టి ఇంటికి రాగానే తుడువు. బనియన్లున్నాయా?"

"మీ అమ్మ మిగల్చలేదు."

కొన్నాళ్ళకు తోడల్లుడి స్కూటరు పంక్చరైంది. దొంగ గడప తొక్కకూడదు కానీ, చుట్టరికం ఉన్న దొంగ ఊరికే ప్యాచీ వేస్తాడు. ఇద్దరూ వచ్చారు. ట్యూబును తొట్టిలో ముంచడానికి వంగాను. చొక్కాలోంచి గొలుసు జారి వదిన ముందు వేలాడింది. తళతళలాడుతోంది.

"అమ్మ గొలుసు!" అంది వదిన, చెయ్యి చాపుతూ.

"కాదు వదినా. ఇనప గొలుసు. మెడకు కట్టుకోమన్నది మీరే కదా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇనుమన్నది మీరే!"

తోడల్లుడు ఈసారి దగ్గలేదు. గట్టిగా నవ్వేశాడు.

నవ్వినంత మాత్రాన నేనాయన్ని క్షమించలేదు. గొలుసు చొక్కాలో వేసుకుని ట్యూబుకు చిల్లు ఎక్కడుందో వెతికాను.