బాలవ్వ కట్టిన నల్లదారం

రండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ మూలన గుసగుసలాడేవాళ్లు తలా ఒక వక్కపలుకు నోట్లో వేసుకోండి, నమిలినంతసేపైనా మాటలు ఆగుతాయి. ఫోన్లు బోర్లా పెట్టండి. బాలవ్వ అప్పుడే మెట్లెక్కుతోంది. మనం ఆలస్యం చేస్తే రాధాబాయి తలుపు వేసేసుకుంటుంది, ఆ తర్వాత దేవుడొచ్చి పిలిచినా తీయదు.

బాలవ్వ మెట్లెక్కేటప్పుడు ఎడమ చెయ్యి గోడకు ఆనిస్తుంది. కుడి చేతిలో సంచి. అందులో ఆముదం సీసా, సాంబ్రాణి పొట్లం, నాలుగు పాతచీర ముక్కలు, ఒక నల్లదారం ఉండ. అరవై మూడేళ్ల మనిషి, పొట్టిది, నడుము కాస్త ముందుకు ఒరిగింది. ఆమెలో చూడాల్సినవి చేతులే. వేళ్ల కొసలు ఎప్పుడూ నీళ్లలో నానినట్టు ముడుచుకొని తెల్లగా ఉంటాయి. బాలింతలకు, పసిపిల్లలకు నీళ్లు పోయడమే ఆమె పని. నలభై ఏళ్లుగా ఆ చేతులు ఒక్క పూటైనా ఆరలేదు. ఆమె నీళ్లు పోసిన పిల్లలందరినీ వరుసగా నిలబెడితే సిద్దిపేట కోమటి చెరువు కట్ట చాలదు, వరుస తోక ములుగు దాకా పోతుంది. వాళ్లలో ఒకడు ఇప్పుడు పోలీసు. బజారులో బాలవ్వ ఎదురైతే సెల్యూట్ కొట్టడం మరిచిపోయి, వంగి వీపు చూపిస్తాడు.

ఈమధ్య పిలుపులు తగ్గాయి. తన ఊరు ఇబ్రహీంపూర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినా, వారంలో నాలుగు రోజులు ఊరికే తిరిగిపోవాల్సి వస్తోంది. అందుకే మూడు రోజుల కింద రాధాబాయి కబురు పంపగానే ఏమిటి, ఎందుకని అడగకుండా వచ్చేసింది.

అడగకపోవడమే తప్పైంది. అప్పటి నుంచీ ఆమె కడుపులో అనుమానం నానబెట్టిన శనగలా ఉబ్బుతోంది.

గల్లీ మూలన ఇస్త్రీ బండి దగ్గర దుబ్బయ్య ఆమెను పొద్దున కూడా ఆపాడు. దుబ్బయ్య ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఆరినా ఆరుతాయి గానీ, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందోనన్న ఆరాటం ఆరదు.

"ఏమక్కా, ఉషమ్మకు కడుపుల రాయి తీసిన్రంట గదా. ఎంతుందే?"

"నీ తలకాయంతుంది. చొక్క మాడుతుంది, చూస్కో."

అని వచ్చేసింది గానీ, ఆమెకు అసలు అనుమానమే వేరు. రాయి ఎక్కడిది?

రాధాబాయి నాలుగు వేళ్లంత తలుపు తెరిచి, బాలవ్వ వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెట్ల దాకా చూసి, లోపలికి లాగి, రెండు గడియలూ పెట్టింది. రాధాబాయి ఉషకు అత్త. కొడుకు మహేందర్‌కు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. మొదటి రోజే దీపం మీద బాలవ్వ చెయ్యి పెట్టించి, ఇంట్లో చూసింది గడప దాటించనని ఒట్టు వేయించుకుంది.

రాయి తీసినదానికి దీపం మీద ఒట్టెందుకు?

ఉష లోపలి గదిలో మంచం మీద ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. నలభై ఏళ్లుంటాయి. ముఖం పాలిపోయింది. ఛాతీ కింద నుంచి మోకాళ్ల దాకా ఒంటికి ఒకటే తొడుగు, మనిషి చర్మం రంగులో, పక్కన కొక్కేల వరుసతో. అలాంటివి రెండున్నాయి. ఒకటి ఒంటి మీద ఉంటే ఇంకొకటి ఉతికి డాబా మీద తీగకు వేయాలి. అదీ మామూలుగా కాదు. గల్లీ వైపు దుప్పటి ఆరేసి, దాని చాటున.

బాలవ్వ కొక్కేలు విప్పింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ పిండి ఒళ్లు తుడిచింది. వేడినీళ్లు వద్దట, పోయడం అసలే వద్దట. పొట్ట మీద నీలం, పసుపు మచ్చలు, పండి పడ్డ మామిడికాయలా. అక్కడక్కడ చీమ కుట్టినంత గాట్లు. మొదటి రోజు పక్కగుడ్డంతా ఎర్రనీళ్లు కారి తడిసింది. పొట్ట బిగించి కట్టారు, మనిషిని మంచం దింపడం లేదు, కిటికీ తీయడం లేదు. నలభై ఏళ్ల అనుభవం ఆమె చెవిలో ఒకటే మాట చెప్పింది: ఇది బాలింత ఇల్లు.

మరి బిడ్డ ఏది?

ఈ మూడు రోజుల్లో ఆమె ఊడ్చే నెపంతో మంచం కిందా, బియ్యం డ్రమ్ము వెనకా చూసింది. దేవుడి గదిలో ముక్కు పెట్టి పాల వాసన వస్తుందేమోనని పీల్చింది. పక్కింటి పిల్లి అరిస్తే చీపురు పారేసి పరిగెత్తింది. పుట్టిన బిడ్డను ఎవరికో ఇచ్చేశారు. ఆడపిల్లే అయి ఉంటుంది. ఒట్టేసిన చెయ్యి కదా అని ఊరుకుంటే, ఆ పాపంలో తనకూ వాటా వస్తుంది.

పదింటికి చుట్టాలు వచ్చారు, కొబ్బరి బోండాలు, బిస్కెట్ పుడాలు పట్టుకొని. కూర్చోగానే ఒకావిడ అడిగింది, "రాయి ఇచ్చిన్రా దవాఖానోళ్లు? మా ఆయనది సీసల పెట్టిచ్చిన్రు, ఇప్పటికీ టీవీ మీదనే ఉంది."

రాధాబాయి లోపలికి పోయి మందుసీసా తెచ్చింది. అందులో నల్లటి రాయి. చుట్టాలు దాన్ని చేతులు మార్చుకుంటూ, వెలుతురుకు పెట్టి చూస్తూ, "అబ్బ, గింత రాయి మోసినవా బిడ్డా" అని కళ్లు తుడుచుకున్నారు. సీసా బాలవ్వ చేతికీ వచ్చింది. ఆమె చూసింది. ఇంటి ముందు మురికికాలువ పని కోసం పోసిన కంకర కుప్పలోది, కొసకు ఇంకా సిమెంటు అంటుకొని ఉంది.

చుట్టాలు పోయాక బాలవ్వ గది తలుపు దగ్గరగా వేసింది. మంచం పక్కన కింద కూర్చుంది.

"ఉషమ్మా, నీ ఇద్దరు పిల్లలకు నీళ్లు పోసిన చేతులివి. నిజం చెప్పు. బిడ్డనేం జేసిన్రు?"

ఉష తెల్లబోయింది. "ఏ బిడ్డ?"

"కంకర రాయి కన్నవా మరి? పొట్ట కట్టిన్రు, నెత్తురు కారింది, తలుపులు పెట్టిన్రు. నేనేమన్న నిన్న మొన్న పుట్టిన్నా?"

ఉషకు ముందు నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట లాగి ఏడుపొచ్చింది. రెండూ కలిపి కాసేపు పడ్డాక మెల్లగా చెప్పింది. "బిడ్డ లేదు, రాయి లేదు బాలవ్వా. కొవ్వు తీయించుకున్న. హైదరాబాద్‌ల. గొట్టం పెట్టి గుంజుతరు. వాపు రాకుండ ఈ తొడుగు బిగిస్తరు."

"కొవ్వా?"

"పొట్టది, నడుముది. చిన్నోడు పుట్టి పదమూడేండ్లాయె, ఈ పొట్ట పోలేదు. దుకాణంల కూసుంటే వచ్చినోళ్లందరు ఎన్నో నెల అంటరు. మొన్న బస్సుల ఒక ముసలాయన లేచి సీటిచ్చిండు. గా దినం ఇంటికొచ్చి అన్నం తినలే."

బాలవ్వ తన చేతుల వైపు చూసుకుంది. ఆమెకు బాధ కలిగింది, అయితే అది ఉష మీద జాలి కాదు. "రెండుసార్లు నేనే గదా నీ పొట్ట గట్టింది. నా కట్టు సరిగ్గ లేదంటవు, అంతేనా?"

"నీ కట్టు మంచిదే. నేనే పదో దినం ఇప్పి పారేసిన, ఉబ్బరిస్తుందని."

"గట్ల చెప్పు!" అంది బాలవ్వ. ముఖం విప్పారింది. నలభై ఏళ్ల పేరు నిలబడింది. "తీసిన కొవ్వు యాడ పారేసిన్రు? కుక్కలు తింటే మంచిది గాదు."

అనుమానం తీరిందని సంతోషంగా ఆముదం చేతికి రాసుకుంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఉష ఆరు రోజులుగా మంచం మీదే ఉంది. నడిస్తే వచ్చేపోయే చుట్టాలు చూస్తారని, రాయి ఆపరేషన్ అయిన మనిషి తిరిగితే ఎవరూ నమ్మరని రాధాబాయి లేవనివ్వలేదు. పొద్దున్నుంచి ఎడమ పిక్క పట్టేసినట్టుందని ఉష అంటూనే ఉంది. నాలుగుసార్లు పిసికితే పోతుందని బాలవ్వ ఆ కాలు ఒళ్లోకి తీసుకుంది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

నిన్న సాయంత్రం పోయేటప్పుడు బాలవ్వ ఉష రెండు కాళ్లకూ చీలమండ పైన నల్లదారం కట్టింది. దిష్టికని అందరికీ చెబుతుంది. ఎవరికి కట్టినా రెండు కాళ్లకూ కడుతుంది, దారం కింద తన చిటికెన వేలు పట్టేంత సందు వదులుతుంది. కుడికాలి దారం కింద ఇప్పటికీ వేలు దూరింది. ఎడమకాలి దారం మాంసంలోకి దిగిపోయింది. దారం కనబడటం లేదు, గీత మాత్రమే కనబడుతోంది. పిక్క వేడిగా, మెరుస్తూ ఉంది.

ఆ దారం ఎందుకు కడుతుందో ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ల కింద చెల్లెలు నర్సవ్వకు కాన్పయింది. పదో రోజు ఎడమకాలు వాచింది. పాలు కాలికి దిగాయని పెద్దవాళ్లు అన్నారు. బాలవ్వే కూర్చొని ఆముదంతో పిసికింది, అక్క చెయ్యి చల్లగా ఉందని నర్సవ్వ నవ్వింది కూడా. తర్వాత నర్సవ్వ నీళ్లు పోయించుకోవడానికి లేచింది. రెండడుగులు వేసి, ఊపిరాడటం లేదంది. అంతే. చెంబు బాలవ్వ చేతిలోనే ఉంది, నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

బాలవ్వ ఉష కాలును ఒళ్లోంచి తీసి, పచ్చిగుడ్డును పెట్టినట్టు పరుపు మీద పెట్టింది. "కదలకు బిడ్డా" అని, బయటికొచ్చి రాధాబాయిని పిలిచింది.

"దవాఖానకు తీస్కపోవాలె. ఇప్పుడే."

రాధాబాయి ఆమెను కింది నుంచి పైకి చూసింది. "వాపుంటదని డాక్టర్ ముందే చెప్పిండు."

"వాపొస్తే రెండు కాళ్లకు రావాలె. ఒక్కదానికెందుకొచ్చింది?"

"తెల్సింది గదా సంగతి, ఇంక నీ కడుపుల మాట ఆగుతలేదు. బండి తెప్పిచ్చి గల్లికంత చూపిద్దామని చూస్తున్నవు. దీపం మీద ఒట్టేసినవు, మరువకు."

"ఒట్టు నా నెత్తి మీద పడనియ్యి. దవాఖానోళ్లు కాయిదమియ్యలేదా?"

ఇచ్చారు. కొవ్వు తీసిన సంగతి అందులో రాసి ఉందని రాధాబాయి దాన్ని చీరల మధ్య పెట్టి బీరువాకు తాళం వేసింది. లోపలి నుంచి ఉష గట్టిగా అరిచింది, "కాయిదం తే అత్తమ్మా!" పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో ఆమె అరవడం అదే మొదటిసారి. రాధాబాయి చేతిలో తాళంచెవి దానంతట అదే తిరిగింది.

కాగితం ఉషే చదివింది. లేచిన రోజు నుంచి రెండు గంటలకోసారి నడవాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, నొప్పి పెట్టినా వెంటనే ఫోన్ చేయాలి. ఫోన్ చేశారు. అవతల డాక్టరు నిమిషం కూడా వినలేదు. నడిపించొద్దు, కాలు పిసకొద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు పోతే ప్రాణానికే ముప్పు, ముందు దగ్గరి దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

రాధాబాయి మంచం మీద కూర్చొని ఉష చెయ్యి పట్టుకుంది. అప్పుడు కూడా ఆమె నోట వచ్చిన మాట ఇది: "జర చీకటి పడనియ్యి. మెట్ల మీంచి దించితే అందరు చూస్తరు."

బాలవ్వ రెండు గడియలూ తీసి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి, గల్లీ నడిమధ్య నిలబడి అరిచింది. నలభై ఏళ్లు పసిపిల్లల ఏడుపు మీద నుంచి మాట్లాడిన గొంతు అది. మార్కెట్లో కూరగాయల తక్కెళ్లు ఊగాయంటారు.

"దుబ్బయ్యా! పెట్టె దించు, రా! అమీనుద్దీన్ భాయ్, నీ ఆటో గీడ వెట్టు! ఉషమ్మను దించాలె!"

"ఏమైందక్కా? ఇంకో రాయి పుట్టిందా?"

"నోరు ముయ్యి, కుర్చి పట్టు!"

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు. నైటీ కొంచెం పైకి జరిగితే చర్మం రంగు తొడుగు మోకాలి దగ్గర కనబడింది. దుబ్బయ్య చూడనే చూశాడు. ఉష మెట్టు మెట్టుకూ బాలవ్వ వేళ్లు పట్టుకొనే ఉంది. ఆటోలో ఎక్కించేటప్పుడు విడిపించాల్సి వచ్చింది. మహేందర్ దుకాణం వదిలి దవాఖానకే వస్తానన్నాడు. రాధాబాయి తాళం వేసి, ఆటోలో ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"గల్లికంత తెల్వజేసినవు. రేపటి నుంచి రాకు."

"మంచిది. జల్ది పోన్రి" అంది బాలవ్వ.

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడింది. చేతులకు ఇంకా ఆముదం ఉంది. వీధి కుళాయి దగ్గర కడుక్కుంది, చీర కొంగుకు తుడుచుకుంది. సంచి మేడ మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి తాళం వైపు ఒకసారి చూసింది. చెప్పులు కూడా అక్కడే. వట్టి కాళ్లతో బస్టాండు వైపు నడిచింది. ఇబ్రహీంపూర్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కండక్టరు టికెట్ ఇస్తూ, "ఏందవ్వా, ఇయ్యాల జల్దొచ్చినవు?" అన్నాడు. "పనైపోయింది బిడ్డా" అంది. ఆ తర్వాత ఆ గల్లీకి రాలేదు.

ఉష కాలిలో గడ్డ దొరికింది, ఊపిరితిత్తుల దాకా పోకముందే. సిద్దిపేట నుంచి హైదరాబాదుకు పంపారు. సూదులు వేశారు, కొన్నాళ్లు ఉంచుకున్నారు. మనిషి దక్కింది. ఎడమకాలి దారం నర్సు కత్తిరించింది. కుడికాలిది కూడా తీయబోతే ఉష కాలు వెనక్కి లాక్కుంది.

ఈ లోపల సిద్దిపేటలో ఇంటికి తాళం. నాలుగో రోజు గాలివాన వచ్చి డాబా మీద దుప్పటి ఎగిరి పక్కింటి షమ్షున్నీసా వాళ్ల రేకుల మీద పడింది. చాటున ఉన్నది బయటపడింది. ఉషను దవాఖానకు తీసుకుపోయిన రోజు పొద్దున బాలవ్వ ఉతికి ఆరేసిన తొడుగు, మనిషి రంగులో, నడుము వంపులతో సహా తీగకు రెండు క్లిప్పుల మీద వేలాడుతూ, గాలి వచ్చినప్పుడల్లా మోకాళ్లు ఆడిస్తోంది. గల్లీ అంతా మెడలు ఎత్తి నిలబడింది. దుబ్బయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూసి, తల ఊపాడు.

"రాయి లేదు, ఏం లేదు. హైదరాబాదోళ్లు ఉషమ్మకు కొత్త తోలేసిన్రు. పాతది ఉతికి ఆరేసి పోయిన్రు. ఆరినంక నాకియ్యున్రి, ఒక్క ముడత లేకుంట ఇస్త్రీ జేసిస్త!"