వెనక గోడ దగ్గరి కుర్చీ

రోజూ తరగతి మొదలయ్యే ముందు టీచరమ్మ ఒక ఖాళీ కుర్చీని వెనక గోడ దగ్గర వేసి, "ఆ కుర్చీకి వినపడేలా చదవాలి" అని పిల్లలకు చెబుతుంది. పైకి చదవడం, నలుగురిలో తడబడకుండా మాట్లాడడం నేర్పించడమే ఆవిడ పని. ఎవరైనా నసిగితే కుర్చీ జానెడు ముందుకు జరుగుతుంది. గొంతెత్తి చదివితే వెనక్కి పోతుంది. పాపం దానికి చెవుడు అనుకుని పిల్లలు సర్దుకుపోయారు.

అది మోకాళ్ళకు తగిలిందంటే మాత్రం ఆ మనిషికి ఇక గొంతు రాదు. టీచరమ్మ అక్కకు అలాగే జరిగింది. చిన్నప్పుడు ఇదే గదిలో, పడవ పాఠం సగంలో ఉండగా పోయింది గొంతు. ఇప్పుడు ఆవిడ జుట్టు నెరిసింది. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతుంది, ఏమడిగినా తలాడిస్తుంది.

ఈ ఏడు చేరిన ఒక పొట్టి పిల్లకు గుసగుస తప్ప మాట లేదు. వాళ్ళ నాన్నది రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. ఇంట్లో గిన్నె చప్పుడైనా వాళ్ళమ్మ కళ్ళురుముతుంది. మిగతా పిల్లలు కుర్చీని ఎంత వెనక్కి పంపినా, ఈ పిల్ల వంతు వచ్చేసరికి అది ముందురోజు ఆగిన చోటికే వచ్చి, అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకు జరిగేది.

పడవ పాఠం రోజున అది పిల్ల మోకాళ్ళకు బెత్తెడు దూరంలో ఉంది. టీచరమ్మ వెళ్ళి కుర్చీని పట్టుకుని లాగింది. మనిషి కూర్చున్నంత బరువుగా ఉంది, కదల్లేదు. కూర్చునే చోట చెక్క వెచ్చగా తగిలింది.

"ఆపేయనా టీచర్?" పిల్ల పెదాలు మాత్రం కదిలాయి.

"ఆపకు. నాన్న లేస్తారనేగా నీ భయం?"

పిల్ల తలూపింది.

"ఈ ఒక్కసారికి లేపెయ్. తిట్లు నేను తింటాలే."

పిల్ల పుస్తకం ఎత్తింది.

"ఓ పడవాయనా! నన్ను వదిలేసి వెళ్ళకు! ఆగు!"

కిటికీ అద్దాలు అదిరాయి. కుర్చీ నేలను గీరుకుంటూ గోడదాకా వెళ్ళిపోయింది. పిల్ల ఆపలేదు, పాఠమంతా అదే గొంతుతో చదివేసింది. పక్క పిల్లవాడు తన వంతు కోసం పేజీ తిప్పుకున్నాడు.

సాయంత్రం టీచరమ్మ గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే కిటికీ దగ్గర చాకు చప్పుడు ఆగింది.

"పడవ ఆగిందా?"

నెరిసిన జుట్టు మనిషి నోట్లోంచి చిన్నపిల్ల గొంతు. ఆ గొంతును టీచరమ్మ మరిచిపోలేదు. ఏడుపు ఆపుకోలేక గోడ పట్టుకుని, "ఆగి... ఆ తర్వాత..." అనబోయింది.

"చెప్పకే," అంది అక్క, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ. "పుస్తకం ఇటియ్యి. మిగతాది నేనే చదువుతాను."